రెండో మచ్చ

అందరూ పిట్ట అని పిలుచుకునే ఆ పాపకి కళ్ళు పచ్చబడటం ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. పుట్టిన కొత్తల్లోనే, కాలేయం నుంచి పైత్యరసం కిందికి దిగే దారి మూసుకుపోయిందని ఆపరేషన్ చేశారు. ఆ ఆపరేషన్ పుణ్యమా అని ఏడో ఏడు దాకా నెట్టుకొచ్చింది. అప్పుడప్పుడూ పచ్చదనం వచ్చేది, మందులు మారిస్తే పోయేది. ఈసారి పోలేదు. పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. ఒళ్ళంతా ఒకటే దురద. గోకి గోకి మోచేతుల దగ్గర చర్మం లేచిపోతుంటే వాళ్ళమ్మ ఆ చేతులకి మేజోళ్ళు తొడిగి పెట్టేది.

"కాలేయం మార్చాలి," అన్నాడు పెద్ద సర్జను. "ఇంట్లోవాళ్ళెవరైనా ఒక ముక్క ఇస్తే చాలు. ఇచ్చినవాళ్ళకి మళ్ళీ పెరుగుతుంది. కానీ ఆలస్యం చేస్తే, ఇచ్చేవాళ్ళున్నా పుచ్చుకునే పిల్ల ఉండదు."

ఆయన మాట పూర్తి కాకముందే తల్లి "నాది తీసుకోండి" అంది. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి ఆవిడ, ఏ ప్రశ్నకైనా జవాబు చేతిలో పెట్టుకుని తిరిగే రకం. ఆవిడ రక్తం గ్రూపు కలవలేదు. తండ్రిది కలిసింది. ఆయన బస్సు డ్రైవరు. పొద్దుణ్ణుంచీ సీట్లోంచి లేవని ఉద్యోగం, తిండి దగ్గర మొహమాటం లేని ప్రాణం. కడుపు స్కాన్ చేసి, కాలేయం నిండా కొవ్వే ఉంది, కోస్తే మీకూ ప్రమాదం, పాపకీ పనికిరాదు అన్నారు. ఆయన ఆ పూట ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, తన పొట్ట వంక చూసుకుంటూ ఉండిపోయాడు.

ఇక మిగిలింది తల్లికి తమ్ముడు. పిట్టకి మేనమామ. గేట్లూ కిటికీ చువ్వలూ అతికే వెల్డరు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదురా అంటే, "రవ్వలు పడి చొక్కాలన్నీ జల్లెళ్ళే. ఏ పిల్ల కుడుతూ కూర్చుంటుంది?" అని నవ్వేసేవాడు. కబురు చెప్పగానే ఆ చిల్లుల చొక్కాతోనే వచ్చి సర్జను ముందు నిలబడ్డాడు.

"ఎక్కడ కొయ్యాలో గీత గియ్యండి సార్. మిగతాది నేను చూసుకుంటా."

"ఇదేం ఇనప చువ్వ కాదయ్యా," అన్నాడు సర్జను. కానీ ఆయనకీ నవ్వొచ్చింది.

బయటికి వచ్చాక బావ అతని భుజం మీద చెయ్యేసి, "నాది వద్దన్నారు బామ్మర్దీ. తిన్నదంతా అందులోనే దాచిపెట్టుకున్నానంట," అన్నాడు.

"పోనీలే బావా. నీది పెట్టుంటే పిట్ట రోజుకి ఆరుసార్లు ఆకలనేది," అన్నాడు తమ్ముడు.

అక్క కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ముగ్గురూ కలిసి నవ్విన నవ్వు అది.

పరీక్షలు మొదలయ్యాయి. రక్తం కలిసింది. కాలేయం శుభ్రంగా ఉంది, గుండె గట్టిగా ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో మాత్రం కుడివైపు పక్కటెముక వెనకాల ఒక మచ్చ కనపడింది. మామూలు స్కాన్ తీస్తే మచ్చ నిజమేనని తేలింది గానీ అదేమిటో తేలలేదు. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి మానిపోయిన జబ్బు తాలూకు గుర్తు కావచ్చు, వెల్డింగ్ పొగ కావచ్చు, కాకపోతే క్యాన్సర్ కావచ్చు.

"ఇదేంటో తేలందే నేను కత్తి పట్టను," అన్నాడు సర్జను. "సూది గుచ్చి ముక్క తీసి చూడొచ్చు. అది ఉన్నచోటు మంచిది కాదు, ఊపిరితిత్తిలో గాలి దిగిపోయే ప్రమాదం ఉంది. లేదా మూడు నెలలు ఆగి మళ్ళీ స్కాన్ తీస్తాం. పెరిగిందా లేదా చూస్తే తెలిసిపోతుంది."

"మూడు నెలలు మేం ఆగుతామండీ," అంది అక్క. "పిట్ట ఆగుతుందా?"

ఆయన బల్ల మీది పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు చెప్పారు వాళ్ళకి, కింది అంతస్తులో స్కాన్లు చూసే డాక్టరమ్మ గురించి. పిట్ట ఆవిడకి ఫొటో డాక్టరమ్మ అని పేరు పెట్టింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎప్పుడూ చీకటి గదిలో పెద్ద తెరల ముందు కూర్చుని ఉండే మనిషి. బయటి వెలుతురులోకి వస్తే కళ్ళు చికిలించేది. కొత్తగా వచ్చిన స్కాన్ మెషిన్ ఆవిడ చేతిలో ఉంది.

"మామూలు స్కాన్‌లో తెల్లగా ఉన్నదంతా తెల్లగానే కనపడుతుంది," అని చెప్పిందావిడ అక్కకీ తమ్ముడికీ. "ఎముకలో ఉండే సున్నమూ తెలుపే, మేం నరంలోకి ఎక్కించే రంగుమందూ తెలుపే. ఈ మెషిన్ ఒకే చోటుని రెండు రకాల కిరణాలతో చూస్తుంది, ఒకటి మెత్తనిది, ఒకటి చురుకైనది. సున్నం ఒకదానికి ఒకలా, రంగుమందు ఇంకొకలా స్పందిస్తాయి. అప్పుడు రెంటినీ విడదీసి చూడొచ్చు. మచ్చలో ఉన్నది సున్నమైతే అది ఎప్పుడో ఎండిపోయిన పుండు. భయం లేదు. రంగుమందు తాగుతుంటే మాత్రం అందులో రక్తం ఆడుతోందని అర్థం. బతికున్న గడ్డ అన్నమాట."

"ఇవాళే చేస్తారా?" అన్నాడు తమ్ముడు.

మర్నాడు చేశారు. ఆస్పత్రి గౌను వెనక ముళ్ళు వేసుకోవడం రాక తమ్ముడు అక్క చేత కట్టించుకున్నాడు. మోచేతి దగ్గర సూది గుచ్చి, నర్సు, "మందు ఎక్కగానే ఒళ్ళంతా వేడెక్కుతుంది, కంగారుపడకండి," అంది.

"వేడి మనకి చుట్టమేనమ్మా," అంటూ వెళ్ళి బల్ల మీద పడుకున్నాడు.

అక్క గాజు అద్దం ఇవతల నిలబడింది. బల్ల లోపలికి జరిగింది, బయటికొచ్చింది, మళ్ళీ జరిగింది. ఊపిరి బిగబట్టండి, వదలండి అని ఎవరిదో గొంతు చెప్తోంది. ఆ గొంతు చెప్పినప్పుడల్లా అక్క కూడా ఊపిరి బిగబట్టింది.

కాసేపటికి ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది ఫొటో డాక్టరమ్మ. తమ్ముడి చేతికి సూది అలాగే ఉంది. తెర మీద అతని ఛాతీ, ముక్కలు ముక్కలుగా కోసి పరిచినట్టు.

"పాత మచ్చ సంగతి తేలిపోయింది," అందావిడ. "మొత్తం సున్నమే. చుక్క రంగుమందు తాగలేదు. ఎప్పటిదో మానిపోయిన గాయం. దాంతో ఏ ఇబ్బందీ లేదు."

అక్క చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది, బయట పిట్ట పక్కన కూర్చున్న మొగుడికి చెప్దామని.

"ఆగండమ్మా," అంది డాక్టరమ్మ. "ఇంకొకటి ఉంది."

తెర మీద ఇంకో బొమ్మ తెచ్చింది. ఊపిరితిత్తి అంతా ముదురు నీలం. మధ్యలో రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా. ఎడమవైపు, గుండెకి దగ్గర్లో, ఒక కొమ్మని ఆనుకుని పెసరగింజంత చుక్క నిప్పురంగులో మెరుస్తోంది.

"ఇది రక్తనాళం చాటున నక్కి ఉంది. మామూలు స్కాన్‌లో చూస్తే నాళం అక్కడ వంపు తిరిగిందనే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నాళాన్ని వేరు చేసి చూస్తే విడిగా నిలబడింది. రంగుమందు తాగుతోంది."

"అంటే?" అన్నాడు తమ్ముడు.

"తీసి పరీక్ష చేస్తేగానీ ఖాయంగా చెప్పలేను. కానీ నాకు దాని వాలకం నచ్చలేదు. మీకు ధైర్యం చెప్పడానికి తేలిక చేసి మాట్లాడను. క్యాన్సర్ కావడానికే ఎక్కువ అవకాశం. చాలా చిన్నది, మొదట్లో ఉంది. అది మీ అదృష్టం."

తమ్ముడు ఆ చుక్క వంక చూశాడు. "నాకు దగ్గు కూడా లేదండీ," అన్నాడు. అదేదో పొరపాటున వేరే ఇంటికి వచ్చిన సామాను అన్నట్టు చెప్పాడా మాట.

నర్సు వచ్చి సూది తీస్తానని అతన్ని పక్కకి తీసుకెళ్ళింది. పక్క అంటే పెద్ద దూరం కాదు. గదిలోనే ఒక మూల, మధ్యలో గుడ్డ తెర.

అక్క కూర్చోలేదు. వెళ్ళి డాక్టరమ్మ కుర్చీకి దగ్గరగా నిలబడింది. గొంతు తగ్గించింది.

"ఆ రెండోది మామూలు స్కాన్‌లో కనపడలేదన్నారు కదండీ."

"అవునమ్మా."

"అంటే ఈ మెషిన్ లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పి ఆమె వంక చూసింది.

"రిపోర్టులో అది రాయకుండా ఉండలేరా?" అంది అక్క. "ఎప్పటికీ అనటం లేదు. ఒక్క నెల. పిట్టకి ఆపరేషన్ అయిపోయాక రాయండి. ఈలోపు వాడికి ఏమీ కాదు, చిన్నదన్నారుగా, మొదట్లోనే ఉందన్నారుగా. వాడు ఏమీ అనడు. నా తమ్ముడు నాకు తెలుసు. నేను చెప్తే వింటాడు. మీ కాళ్ళు పట్టుకుంటాను డాక్టరుగారూ, నాకింకెవరూ లేరు ఇవ్వడానికి. బయట చూడండి, అది చేతులకి మేజోళ్ళేసుకుని కూర్చుంది, చూడండి ఒక్కసారి..."

నిజంగానే వంగింది. డాక్టరమ్మ భుజాలు పట్టుకుని ఆపింది. ఆవిడ కోప్పడి ఉంటే అక్కకి సుఖంగా ఉండేది. ఆవిడ కోప్పడలేదు.

"మీరు మీ తమ్ముణ్ణి పక్కన పెట్టి పాపని కాపాడుకుందామనుకుంటున్నారు. పాప కూడా దక్కదమ్మా. అది క్యాన్సరే అయితే దాని కణాలు రక్తంలో ఎక్కడ తిరుగుతున్నాయో ఏ మెషినూ చెప్పలేదు. కాలేయం ముక్కతో పాటు ఒక్కటి వెళ్ళినా చాలు. కొత్త కాలేయాన్ని పాప ఒళ్ళు తిప్పికొట్టకుండా జబ్బుల్ని ఎదిరించే శక్తిని మందులతో అణిచిపెడతాం. ఇంటి కాపలావాళ్ళందర్నీ నిద్రపుచ్చి దొంగని లోపలికి పంపినట్టు. నేను రాయకపోతే ఇద్దరూ పోతారు."

అక్క కుర్చీలో కూలబడింది. అడగకూడనిది అడిగింది. అడిగినా దక్కలేదు. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఏడుపు కూడా రాలేదు.

గుడ్డ తెర పక్కకి జరిగింది. తమ్ముడు మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"పద అక్కా," అన్నాడు. "పిట్టకి మందేసే టైమైంది."

ఆ మధ్యాహ్నం సర్జను ఇంకో దారి చెప్పాడు. ఆ చుక్కని తీసేసి పరీక్షకి పంపిస్తాం. క్యాన్సర్ కాదని తేలితే, కోలుకున్నాక తమ్ముడు కాలేయం ఇవ్వొచ్చు. అవుననే తేలితే ఇక ఆ మాట లేదు.

"ఎప్పుడు ఖాళీ సార్? రేపు కుదురుతుందా?" అన్నాడు తమ్ముడు, బట్టల కొట్లో చొక్కా కొలతకి వెళ్ళినంత తేలిగ్గా.

ఛాతీ సర్జను తేదీ ఇచ్చాడు. ఆ తేదీ వచ్చేలోపు పిట్ట రెండుసార్లు పొట్టలో నీరు తీయించుకుంది. అక్క బడికి సెలవు పెట్టేసింది. ఆస్పత్రి ఎదురుగా ఒక గది అద్దెకి తీసుకుని, ఒక మూల స్టవ్వూ ఒక మూల చాపా వేసుకున్నారు. పిట్టకి ఉప్పు లేకుండా వండేది, పిట్ట రెండు ముద్దలు తిని తల తిప్పుకునేది. తమ్ముడికి పెట్టేటప్పుడు అతని ముఖంలోకి చూడలేకపోయేది. కంచం ముందు పెట్టి, వెనక్కి తిరిగి గిన్నెలు సర్దేది. అతను ఎప్పటిలాగే, "ఏంటక్కా, ఇవాళ ఉప్పు నాకూ లేదా?" అనేవాడు. ఆ రోజు తను డాక్టరమ్మని అడిగింది విన్నాడో లేదో తెలీదు. అడిగే ధైర్యం లేదు.

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు తమ్ముడు పిట్ట దగ్గరికొచ్చాడు. "నా లోపల ఒక గింజ పడిందంట, అది ఏరేయడానికి వెళ్తున్నా," అన్నాడు. "మింగావా మామా?" అంది పిట్ట. "ఏమో, నీలాగే నవలకుండా మింగుంటా," అన్నాడు.

రక్తసంబంధం ఎవరని అడిగారు. అక్క ముందుకొచ్చి సంతకం పెట్టింది. ఏం జరిగినా ఒప్పుకుంటున్నాను అని ఉందక్కడ.

బయట బెంచీ మీద భార్యాభర్తలిద్దరూ కూర్చున్నారు. ఎవరికోసం మొక్కుకోవాలో ఆమెకి తోచలేదు. తమ్ముడికి ఏమీ కాకూడదు అనుకోగానే వెనకే పిట్ట ముఖం వచ్చేది. అప్పుడు, నేను వాడికోసం అనుకుంటున్నానా, వాడి లోపలున్న ముక్క కోసం అనుకుంటున్నానా అని తనని తనే నిలదీసుకునేది. పక్కకి తిరిగితే మొగుడి బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు కనపడింది. చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది.

"మీరు తింటున్నారా?" అంది.

"తింటున్నానే."

"ఏం తింటున్నారు?"

ఆయన కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాడు. కాళ్ళకి అరిగిపోయిన చెప్పుల స్థానంలో బూట్లున్నాయి. వాటి అడుగులు కూడా అరిగి ఉన్నాయి. కాలేయం పనికిరాదన్న రోజు నుంచీ ఆ మనిషి తెల్లారగానే లేచి నడుస్తున్నాడు. డిపోలో బస్సు అప్పజెప్పి ఆస్పత్రి దాకా నడిచే వస్తున్నాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఆశ పెట్టి ఆడించడం ఎందుకని.

తలుపు తెరుచుకుని ఛాతీ సర్జను వచ్చాడు. ముఖానికి కట్టిన గుడ్డ కిందికి లాగి, "మొత్తం వచ్చేసింది. చుట్టుపక్కల శుభ్రంగా ఉంది. మొదట్లోనే దొరకడం నిజంగా మంచి వార్త," అన్నాడు. తర్వాత, "అప్పటికప్పుడే పరీక్ష చేయించాం. క్యాన్సరేనమ్మా," అన్నాడు.

అక్క "థాంక్సండీ" అంది. ఆయన వెళ్ళిపోయాక గోడకి ఆనుకుని, జారి, నేల మీద కూర్చుని ఏడ్చింది. తమ్ముడు బతికాడని ఏడ్చిందో, కూతురు చచ్చిపోతుందని ఏడ్చిందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. అటూ ఇటూ వెళ్తున్నవాళ్ళు ఆమె కాళ్ళు తొక్కకుండా దాటుకుని వెళ్ళారు.

తమ్ముడికి మెలకువ వచ్చాక సంగతి అతనే అడిగి తెలుసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నొప్పికనుకుని నర్సు మందు పెంచింది.

రెండో రోజో మూడో రోజో, అక్క అతని పక్కన కూర్చుని బత్తాయి వలుస్తోంది. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం ఒకటి కిందున్న సీసాలోకి దిగి ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా సీసాలో నీళ్ళు కదులుతున్నాయి.

"అక్కా," అన్నాడు. "ఆ రోజు తెర ఇవతలే ఉన్నాను నేను."

ఆమె చేతిలో తొన అక్కడే ఆగిపోయింది.

"విన్నావా?"

"గుడ్డ తెరేగా."

ఆమె దాన్ని పళ్ళెంలో పెట్టేసింది. తర్వాత, "నన్ను తిట్టరా," అంది. "ఒక్క మాట తిట్టు. నీకు దణ్ణం పెడతాను."

"ఎందుకు తిట్టడం? నువ్వడగకపోతే నేనే అడిగేవాణ్ణి. సూది తీయించుకుంటూ అదే మాట కూడబలుక్కుంటున్నా. నువ్వు ముందడిగేశావ్. చిన్నప్పట్నుంచీ అంతేగా, నా మాటలన్నీ నువ్వే మాట్లాడేస్తావ్." నవ్వబోయి నొప్పికి ఆపేశాడు. "కాకపోతే ఒకటక్కా. అది నా నోట్లోంచి వస్తే ఒకలా ఉండేది. నీ నోట్లోంచి వినేసరికి... కొంచెం నొప్పెట్టింది. అది కూడా అబద్ధం చెప్పలేను."

అక్క తల అతని మంచం అంచుకి ఆనించింది. అతను ఆమె జుట్టు మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీయలేదు. ఆ కొంచెం నొప్పి వాళ్ళిద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. తర్వాత కూడా పోయిందని ఎవరూ చెప్పలేరు.

పిట్ట ఆ వారంలోనే రక్తం కక్కుకుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే తెల్లటి బేసిన్ అంతా ఎర్రగా అయింది. "అమ్మా, నేనేం చెయ్యలేదు," అంది పిల్ల భయపడి, తనేదో తప్పు చేసినట్టు. అక్క ఆ పిల్లని ఎత్తుకుని రోడ్డు దాటి పరిగెత్తింది. చెప్పులు గదిలోనే ఉండిపోయాయి. గొంతులోకి గొట్టం వేసి, రక్తం కారే నరాల్ని కట్టి, గాజు తలుపుల గదిలో పెట్టారు. పెద్ద సర్జను బయటికొచ్చి, "ఇంకోసారి ఇలా అయితే నా చేతిలో ఉండదు," అన్నాడు.

అప్పుడు బావ ముందుకొచ్చాడు. "నన్ను మళ్ళీ చూడండి," అన్నాడు.

"మీది చూశాం కదయ్యా."

"అప్పటి మనిషిని కాదు సార్ నేను. చూడండి." చొక్కా ఎత్తి పొట్ట చూపించాడు, అందరి ముందూ. వదులైన చర్మం మడతలు పడి ఉంది.

చూశారు. స్కాన్ తీశారు, సూదితో కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. కొవ్వు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు. సర్జను తల పట్టుకుని ఆలోచించాడు. "మామూలుగా అయితే ఇంకో నెల ఆగమనేవాణ్ణి. ఇప్పుడు చేస్తే మీకు తిప్పలు రావచ్చు. చిన్న తిప్పలు కాకపోవచ్చు."

"బస్సులో జనం ఉన్నాక బ్రేకు సగమే పడుతున్నా ఇంటికి చేర్చాల్సిందే సార్," అన్నాడు బావ.

అక్క ఈసారి రెండు సంతకాలు పెట్టింది. మొగుడికొకటి, కూతురికొకటి. పొద్దున్నే ఇద్దర్నీ రెండు గదుల్లోకి తీసుకెళ్ళారు. ఆమె అదే బెంచీ మీద ఒంటరిగా కూర్చుంది. ఇప్పుడు ఎవరి పేరు ముందనుకోవాలన్న ఆలోచన కూడా లేదు. బుర్ర ఖాళీ అయిపోయింది. కాసేపటికి లిఫ్టు తెరుచుకుంది. తమ్ముడు, పక్కటెముకల దగ్గర చేత్తో అదుముకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. వార్డులో వద్దంటే కూడా వచ్చేశాడు. వచ్చి పక్కన కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. పొద్దుటి ఎండ కిటికీ దాటి, బెంచీ దాటి, ఎదురు గోడ ఎక్కేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

పిట్టకి పెట్టిన ముక్క పనిచేసింది. బావకి మాత్రం సర్జను అన్నట్టే అయింది. కోసినచోట పైత్యరసం కారి, జ్వరం పట్టుకుని, ఇంకోసారి పొట్ట తెరవాల్సి వచ్చింది. అక్క ఆ రోజుల్లో పై అంతస్తులో కూతురికీ కింది అంతస్తులో మొగుడికీ మధ్య మెట్లెక్కుతూ దిగుతూనే బతికింది. ఒకరోజు పిట్ట కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ కళ్ళు ఇంత తెల్లగా ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ మాట చెప్దామని కిందికి పరిగెత్తితే, మొగుడు జ్వరంతో ఒళ్ళు తెలీకుండా ఉన్నాడు. అయినా చెవిలో చెప్పింది. కొన్నాళ్ళకి ఆయనా లేచి కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. బస్సు తోలడానికి మళ్ళీ అనుమతి ఇస్తారో లేదో ఇంకా తెలీదు.

కాలం కొంత గడిచాక తమ్ముడికి మళ్ళీ స్కాన్ పడింది. ఇక కొన్నేళ్ళపాటు ఇలా తీస్తూనే ఉండాలన్నారు. ఆ రోజు నలుగురూ కలిసి వచ్చారు. స్కాన్ గది ముందు వరసగా కూర్చున్నారు. పిట్ట ముఖానికి గుడ్డ కట్టుకుని, కాళ్ళాడిస్తూ కోతలు లెక్కేస్తోంది.

"నాకు పొట్ట మీద. నాన్నకీ పొట్ట మీద, నాకంటే పెద్దది. మామకి పక్కన. అమ్మకే లేదు."

బావా బామ్మర్దీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎందుకు లేదు?" అంది అక్క. "నిన్ను కడుపులోంచి తీసింది ఎక్కడ్నుంచనుకున్నావ్? అందరికంటే ముందు నాదే."

"నిజంగా? చూపించు."

"ఇక్కడా? ఇంటికి పద."

ఇంతలో తలుపు తెరుచుకుంది. ఫొటో డాక్టరమ్మే వచ్చింది, వెలుతురుకి కళ్ళు చికిలిస్తూ. పిట్ట కళ్ళలోకి వంగి చూసి, "బాగున్నాయి నీ కళ్ళు," అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "రండి," అంది.

తమ్ముడు లేచాడు. వాచీ, తాళాల గుత్తి తీసి అక్క చేతిలో పెట్టాడు. ఆమె అతనితో పాటు తలుపు దాకా వెళ్ళింది. గౌను ముళ్ళు నేనే వేస్తానంటే, లోపల నర్సు ఉంది, మీరు కూర్చోండి అన్నారు. తలుపు మూసుకుంది. పైన ఎర్ర దీపం వెలిగింది. అక్క తాళాల గుత్తి గట్టిగా పట్టుకుని, కూర్చోకుండా, ఆ దీపం ఆరేదాకా అక్కడే నిలబడింది.